క్యాంపులు తిరిగేవాళ్లు ఇటు రండి: దారిలో ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు?

ఖమ్మం_కుర్రాడు
విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. ఖమ్మం హెడ్‌క్వార్టర్స్. వైరా, మధిర, సత్తుపల్లి, కొత్తగూడెం అన్నీ నా నెత్తినే. ఏ సమస్య చెప్పినా మా మేనేజర్ దగ్గర ఒకటే మందు: "తిరుగు, తిరిగితే అదే వస్తుంది." తిరుగుతున్నా. ఇప్పటిదాకా వచ్చినవి నడుం నొప్పి, ఎసిడిటీ.

పనికొచ్చేది ఒక్కటి దొరికింది. జూన్‌లో ఒక డీలర్ షాపుకి పొద్దున్నే వెళ్తే ఎరువుల బస్తాల మీద కూర్చోమన్నాడు. పన్నెండు దాటేదాకా మళ్లీ నా వైపు చూడలేదు. నా తర్వాత వచ్చిన రైతులు నా ముందే సరుకు తీసుకుని పోతున్నారు. ఒళ్లు మండిపోయింది. జనం పలచబడ్డాక ఆయనే టీ తెప్పించి, "వాళ్ల ఊరి బస్సు ఒంటిగంటకి. అది పోతే మళ్లీ సాయంత్రమే. నీకు బండుంది కదా" అన్నాడు. సారీ లేదు, సంజాయిషీ లేదు. అప్పట్నుంచి సీజన్లో మధ్యాహ్నం తర్వాతే డీలర్ల దగ్గరికి పోతున్నా. పనీ తొందరగా అవుతోంది, మర్యాదా దొరుకుతోంది.

ఇలాంటివి చెప్పండి. చిన్నవి, జరిగినవి. "జీవితమే ఒక ప్రయాణం" బాపతు రాసేవాళ్లు దయచేసి వేరే చర్చ పెట్టుకోండి.

కుర్చీ_రాజు
నాది వర్క్ ఫ్రమ్ హోమ్. బెడ్‌రూమ్ నుంచి హాల్లోకి క్యాంపు. దారిలో ఎదురయ్యేది మా అత్తగారు. నేర్చుకున్నవి చాలా ఉన్నాయి కానీ ఆవిడ కూడా ఇక్కడ మెంబరే.

టవర్_ఎక్కేవాడు
సెల్ టవర్ల మెయింటెనెన్స్ నాది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు. దారి ఎలా అడగాలో ఒక లారీ డ్రైవర్ నేర్పాడు. జైనూర్ దాటాక ఒక చీలిక దగ్గర ఆగి, అటు పోతున్న ఒకాయన్ని "ఇది తిర్యాణి పోతుందా?" అని అడిగాను. పోతుందన్నాడు. వెనకే ఆగిన లారీ డ్రైవర్ దిగివచ్చి అదే మనిషిని "తాతా, ఈ తోవ ఏడికి పోతది?" అని అడిగాడు. తాత వేరే ఊరి పేరు చెప్పాడు!

డ్రైవర్ చెప్పిందేంటంటే, నువ్వే ఊరి పేరు చెప్పి అడిగితే మనిషి మొహమాటానికి తలూపుతాడు. కొత్తవాడికి లేదని చెప్పడం ఇష్టముండదు. ఊరి పేరు ఆయన నోటి నుంచే రావాలి. ఇంకోటి, నడిచి పోయేవాళ్లని అడగొద్దు, షాపులో కూర్చున్నవాళ్లని అడుగు. రోజూ దారి చెప్పి చెప్పి వాళ్లకి అలవాటై ఉంటుంది.

సైడ్‌అప్పర్_శాశ్వతం
గూగుల్ మ్యాప్స్ వచ్చాక కూడా ఇంకా తాతల్ని అడుగుతున్నారా?

టవర్_ఎక్కేవాడు
@సైడ్‌అప్పర్ వానాకాలంలో ఒకసారి మా వైపు రండి. మ్యాప్ నేరుగా వాగు మీద నుంచి దారి చూపిస్తుంది. అక్కడ చప్టా మునిగి ఉందన్న సంగతి తాతకి తెలుసు, మ్యాప్‌కి తెలీదు.

ఫుట్‌బోర్డ్_శీను
"ఎంత దూరం?" అని మాత్రం ఎవర్నీ అడగొద్దు. "పక్కనే, ఇట్ల పోతే అట్లనే" అంటారు. బండిలో పెట్రోల్ అయిపోతుంది, ఆ పక్క రాదు.

ఆడిట్_అమ్మాయి
బ్రాంచి ఆడిట్ల పని కాబట్టి రాత్రి రైళ్లే నా ఇల్లు. కాస్త నిద్రపోవచ్చని ముందే చూసుకుని లోయర్ బుక్ చేస్తాను. ఎక్కి బ్యాగ్ కింద పెట్టకముందే ఎవరో ఒకరు వచ్చేస్తారు. "అమ్మా, కొంచెం ఎక్స్‌చేంజ్ చేసుకుంటారా? మా వాళ్లు ఇక్కడున్నారు." ఇవ్వనంటే రాత్రంతా ఎదురుగా కూర్చుని మొహం మాడ్చుకుంటారు. ఇస్తే మనం ఎక్కడో బాత్రూమ్ పక్కన పైబెర్తులో తేలతాం.

గుంతకల్లులో ఎక్కిన ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడకీ లోయరే. ఒకాయన అలాగే వచ్చి అడిగాడు. ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీస్తూనే "మీది ఏ కోచ్? ఏ బెర్త్?" అంది. మేమున్నది ఎస్3, ఆయనది ఎస్9లో అప్పర్. "మరి అది ముందు చెప్పాలి కదా నాయనా! నేను పైకి ఎక్కలేను, అంత దూరం నడవనూ లేను. టీటీ వస్తాడు, ఖాళీ లోయర్లు ఏమున్నాయో ఆయనకి తెలుస్తుంది, ఆయన్ని అడుగు" అంది. గొంతు పెంచలేదు, సాకు చెప్పలేదు, మొహమాటపడలేదు. ఆ తర్వాత పేపర్ ప్లేట్లో పులిహోర పెట్టి "తిను, అంత దూరం పోవాలిగా" అని ఆయనకే ఇచ్చింది. ఆయన తిన్నాడు కూడా!

కాదన్నాక మాటలు ఆగిపోవాలని ఏమీ లేదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నేనూ ముందు కోచ్ నంబరే అడుగుతున్నా. పులిహోర మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

ఫుట్‌బోర్డ్_శీను
పెద్దవాళ్లకి లోయర్ ఇవ్వకపోవడం కూడా గొప్పేనా? కాలం మారిపోయింది.

ఆడిట్_అమ్మాయి
@శీను చదివి రాయండి బాబూ. ఇవ్వనన్నదే పెద్దావిడ.

కుర్చీ_రాజు
శీను గారు ఫుట్‌బోర్డ్ మీద నుంచి చదువుతున్నారు, సగం అక్షరాలు గాలికి పోతున్నాయి.

సైడ్‌అప్పర్_శాశ్వతం
రూల్ తెలిస్తే సగం గొడవలుండవు. 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి బుకింగ్‌లో వయసు చూసి సిస్టమే లోయర్ ఇస్తుంది, ఖాళీలుంటేనే. మిడిల్ బెర్త్ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకానే ఎత్తి వేసుకోవాలి. సైడ్ అప్పర్ వాళ్లకి పగలు కింద కూర్చునే హక్కుంది, ఆ రాత్రి గంటల్లో లేదు. నేను శాశ్వతంగా అక్కడే ఉంటాను కాబట్టి బాగా తెలుసు.

రూల్లో లేని సంగతి ఒకటి చెప్తాను. ఆర్ఏసీలో సైడ్ లోయర్ ఇద్దరికీ కలిపి వచ్చింది. సికింద్రాబాద్ నుంచి విశాఖ. అవతల ఆయన స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే వెల్డర్. ఇద్దరం కాళ్లు ముడుచుకుని కూర్చున్నాక ఆయనే "విజయవాడ దాకా మీరు పడుకోండి, అక్కడ్నించి నేను" అన్నాడు. విజయవాడలో లేపలేదు. ఏలూరులో మెలకువ వచ్చి ఎందుకు లేపలేదని అడిగితే, "మంచి నిద్రలో ఉన్నోణ్ణి లేపి నేను పడుకుంటే నాకు పడతాదా" అన్నాడు. పొద్దున ప్లాంటులో ఆయనకి డ్యూటీ. నాకేమో మీటింగు, అదీ పదకొండింటికి.

ఎక్స్‌స్టేషన్_రావు
మెడికల్ రెప్‌ని. పశ్చిమ గోదావరి మొత్తం చుట్టిన మనిషిని. తాడేపల్లిగూడెంలో ఒక పిల్లల డాక్టర్ గారి క్లినిక్. టోకెన్లు పిలిచే అమ్మాయి గోడకి ఒక కాగితం అంటించింది: "రెప్స్ ఓపీ అయ్యాకే". మా మేనేజర్ జాయింట్ వర్క్‌కి, అంటే నాతో పాటు తిరగడానికి, వచ్చిన రోజు, ఆయన ఆ అమ్మాయితో "రెండే నిమిషాలు" అన్నాడు. ఆ అమ్మాయి రిజిస్టర్ తిప్పి ఆయన ముందు పెట్టి, "ఈ పేర్లలో ఎవరికి రెండు నిమిషాలు తగ్గించమంటారో మీరే చెప్పండి సార్" అంది. మేనేజర్ గారు వెనక్కి వచ్చి కూర్చున్నారు. అంత మర్యాదగా ఒకరిని కూర్చోబెట్టడం నేనెక్కడా చూడలేదు.

ఆ మాట ఇప్పుడు నేను మా టీమ్ పిల్లలకి చెప్తుంటాను. మనకి రెండు నిమిషాలంటే లోపల ఎవరిదో ఒకరిది కోత పడుతుంది.

పేషెంట్_కొడుకు
రావు గారూ, బాగుంది కానీ మీ వాళ్లందరూ అలా లేరు. మా అమ్మ నూటమూడు జ్వరంతో బెంచీ మీద పడుకుని ఉంటే బ్యాగులు పట్టుకున్న ముగ్గురు ఒకరి వెనక ఒకరు లోపలికి పోయారు. ఆ రోజు నేర్చుకున్న పాఠం ఇక్కడ రాస్తే మోడరేటర్ తీసేస్తారు.

ఎక్స్‌స్టేషన్_రావు
@పేషెంట్_కొడుకు కాదనను. కాల్ యావరేజ్ (రోజుకి ఎంతమంది డాక్టర్లని కలిశామన్నది) లెక్కల కోసం పరుగులు పెట్టేవాళ్లున్నారు. కానీ తలుపు తీసేది రెప్ కాదు. లోపలున్న డాక్టర్ గారు టైమ్ కట్టడి చేసిన చోట ఎవరూ దూరరు. కోపం సగం అటు కూడా పంచండి.

పేషెంట్_కొడుకు
పంచాను. ఇద్దరికీ సరిపోయేంత ఉంది.

మోడరేటర్
క్లినిక్కుల పేర్లతో రాసిన రెండు పోస్టులు తీసేశాను. పేర్లు వద్దు, విషయం రాయండి.

ఫుట్‌బోర్డ్_శీను
నా పాఠం: కండక్టర్ టికెట్ వెనక చిల్లర బాకీ రాశాడంటే ఆ డబ్బు పోయినట్టే. దిగే హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది? ఇలా ఎంతమంది దగ్గర మిగులుతుందో, సాయంత్రానికి ఆయనకి ఇంకో జీతం.

డిపో_పిల్ల
@శీను మా నాన్న కండక్టర్‌గా రిటైరయ్యారు, అందుకని ఇది కాస్త పొడుగ్గా రాస్తాను.

డ్యూటీ ఎక్కేముందు జేబులో సొంత డబ్బు ఎంతుందో రాయించుకుంటారు. మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కితే టికెట్ల లెక్కకి సంచిలో డబ్బు సరిపోవాలి. తక్కువున్నా అడుగుతారు, ఎక్కువున్నా అడుగుతారు. తక్కువైతే డిపోలో తన జేబులోంచి కట్టాలి. మీరు మర్చిపోయి దిగిన ఆ పదిహేను రూపాయలు మీరనుకునే జీతం కాదు, మధ్యలో ఎవరైనా ఎక్కితే చెప్పుకోవాల్సిన లెక్క. నాన్న ఇంటికొచ్చి "జగ్గయ్యపేట దగ్గర దిగిన చారల చొక్కాయన ముప్పై మర్చిపోయాడు" అని మాతో అనేవారు. మేం నవ్వేవాళ్లం.

ఇప్పుడు నేనూ ఇన్సూరెన్స్ సర్వేలకి బస్సుల్లోనే తిరుగుతాను. మన స్టేజీకి ఒక స్టేజీ ముందే లేచి టికెట్ చూపించి అడగాలి. తలుపు దగ్గర అడిగితే ఆయన విజిల్ కొట్టాలా, చిల్లర ఏరాలా? పొద్దున మొదటి ట్రిప్పులో ఐదొందల నోటు తీయడం మాత్రం అన్యాయం. ఆయన సంచిలో అప్పటికి ఏమీ ఉండదు.

ఫుట్‌బోర్డ్_శీను
ఎక్కువున్నా అడుగుతారని తెలీదు. సరే. ముప్పై రూపాయల చారల చొక్కా నాది కాదు మరి.

కుర్చీ_రాజు
ఆడవాళ్లకి జీరో టికెట్ వచ్చాక (తెలంగాణలో 2023 డిసెంబరు, ఆంధ్రలో 2025 ఆగస్టు) చిల్లర గొడవ సగం తగ్గింది, సీటు గొడవ రెట్టింపైంది. మా ఆవిడ కథనం.

బొబ్బిలి_టీచరమ్మ
టీచర్లకి క్యాంపు అంటే ఎలక్షన్ డ్యూటీ. 2024 మే 13 పోలింగ్‌కి కురుపాం వైపు కొండకింది ఊళ్లో వేశారు. ముందురోజు సామగ్రి తీసుకుని, బస్సెక్కి, సాయంత్రానికి ఆ బడికి చేరాం. మా ప్రిసైడింగ్ ఆఫీసర్ గారు సర్పంచ్ ఎక్కడ, వీఆర్ఓ ఎక్కడ అని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఈలోగా ఆ బళ్లో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ వచ్చింది. పిలవకుండానే వచ్చింది. ఏ గది తాళం ఎవరి దగ్గరుంది, ఏ బోరు నీళ్లు తాగొచ్చు, ఏ స్విచ్చి ముట్టుకుంటే షాక్ కొడుతుంది, అన్నీ గుమ్మంలోనే చెప్పేసింది. ఆఖర్న, "జీడితోటల పన్లున్నాయమ్మా, జనం తెల్లారే వచ్చేస్తారు. టిఫిను ముందే తినీయండి, తరవాత లెగనివ్వరు" అంది. అక్షరాలా అదే జరిగింది. ఏడింటికే వరండా దాటి లైను, మధ్యాహ్నానికి ఈగలు.

ఒక ముచ్చట. పోలింగ్‌కి గంటన్నర ముందు మాక్ పోల్ చేయాలి, తక్కువలో తక్కువ 50 ఓట్లు వేసి, లెక్క చూపించి, చెరిపేయాలి. ఐదున్నరకి అది మొదలుపెట్టేసరికి ఒక మామ్మ వచ్చి నిలబడింది. ఇవి ఉత్తుత్తి ఓట్లు మామ్మా, మళ్లీ చెరిపేస్తాం అని చెప్పాం. "చెరిపీడానికి ఇంత పొద్దున్న లెగిసినారేటి!" అంది. ఏజెంట్లతో సహా అందరం నవ్వాం. ఆ రోజంతా అలసట తెలీలేదు.

అప్పట్నుంచి ఏ డ్యూటీకి ఏ ఊరెళ్లినా ముందు వంటావిడ ఎవరని అడుగుతాను.

ఎక్స్‌స్టేషన్_రావు
టీచరమ్మ గారు చెప్పింది నూటికి నూరు. క్లినిక్కులో టోకెన్లమ్మాయి, బ్యాంకులో అటెండరు, షాపులో గుమస్తా. బోర్డు మీద పేరు వేరే వాళ్లది, బండి నడిపేది వీళ్లు.

గడుగ్గాయి_గుంటూరు
ఇది పాఠం కాదండీ, కాకా పట్టడం. పని కావాలని వంటావిడతో మంచిగా ఉండటం, పని కావాలని టోకెన్లమ్మాయికి నమస్కారం. పెద్దవాళ్ల దగ్గర చేసేదే చిన్నవాళ్ల దగ్గర చేస్తున్నారు. ఖమ్మం కుర్రాడిదీ అంతే. మధ్యాహ్నం పోతే పని తొందరగా అవుతోందని తనే రాశాడు చూడండి. రైతు బస్సు మీద ప్రేమేం కాదు.

ఖమ్మం_కుర్రాడు
@గడుగ్గాయి నిజమే, ప్రేమ కాదు. కానీ రైతుకి బస్సు దొరికింది, నాకు ఆర్డర్ దొరికింది. ఇందులో ఎవరికి నష్టం?

బొబ్బిలి_టీచరమ్మ
ఆవిడతో నాకేం పని పడుతుంది బాబూ? మళ్లీ ఆ ఊరు నాకు వేయనే వేయరు. వచ్చేటప్పుడు ఆవిడే జీడిపప్పు పొట్లం ఇచ్చింది. కాకా ఎవరు ఎవరికి పట్టినట్టు?

గడుగ్గాయి_గుంటూరు
జీడిపప్పు దాకా వచ్చాక నేను వాదించను. అయినా నా మాట మీద నేనున్నా. పని లేనిచోట కూడా అలాగే ఉన్నవాళ్ల కథ ఒక్కటి చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా.

బెర్లిన్_బాబాయి
ఇదిగో ఒకటి. ప్రాజెక్టు పని మీద జర్మనీ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఇక్కడ ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ కలిపి తీసుకుంటారు. ఖాళీ బాటిల్ సూపర్‌మార్కెట్ మెషీన్లో వేస్తే తిరిగి ఇస్తుంది. రైల్వే స్టేషన్లలో కొందరు, ఎక్కువగా ముసలివాళ్లు, ఈ బాటిళ్లు ఏరుకుని డబ్బులు చేసుకుంటారు. కొత్తలో ఒకరోజు ప్లాట్‌ఫామ్ మీద నా ముందున్న కుర్రాడు ఖాళీ బాటిల్‌ని చెత్తడబ్బాలో వేయకుండా దాని పక్కన నిలబెట్టి రైలెక్కాడు. వీడికి శుభ్రత లేదేంటి అనుకున్నా. మా ఆఫీసులో అడిగితే చెప్పారు, డబ్బాలో వేస్తే ఏరుకునే మనిషి అందులో చెయ్యి పెట్టి కెలకాలి, అందుకని బయట పెడతారట. ఆ కుర్రాడు ఆ ఏరుకునే మనిషిని చూడడు, ఆ మనిషి ఈ కుర్రాణ్ని చూడడు. గడుగ్గాయి గారికి ఇది సరిపోతుందా?

గడుగ్గాయి_గుంటూరు
సరిపోయింది. ఒప్పుకున్నా.

సైడ్‌అప్పర్_శాశ్వతం
బాబాయ్, మన రైల్లో అదే పని చేస్తే ఆ బాటిల్లో నీళ్లు నింపి మళ్లీ అమ్ముతారు. ఇక్కడ మంచివాడు బాటిల్‌ని నలిపి పారేస్తాడు, అక్కడ మంచివాడు నలపకుండా పెడతాడు.

బెర్లిన్_బాబాయి
నలిపితే ఇక్కడి మెషీన్ తీసుకోకపోవచ్చు. మా నాన్నగారు వచ్చినప్పుడు అలవాటుగా అన్నీ నలిపేశారు. రెండు యూరోల సరుకు.

సున్నా_టీఏ
లాడ్జీల గురించి ఎవరూ ఎత్తలేదేం? ఖాళీ చేసేటప్పుడు కౌంటర్లో తలెత్తకుండా అడుగుతారు: "బిల్లు ఎంతకి రాయమంటారు సార్?" నంద్యాల వైపు ఒక చోట మాత్రం పెద్దాయన అడగలేదు. నా పక్కనున్న ఆయనే "కొంచెం పెంచి రాయండి" అన్నాడు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "రాస్తాను. మిగిలింది కూడా ఇచ్చిపోండి, నేను కూడా లెక్క చెప్పుకోవాలిగా" అన్నాడు. పక్కాయన నోరు మూతపడింది. నేను అసలు రేటుకే బిల్లు తీసుకుని బయటపడ్డా.

ఆడిట్_అమ్మాయి
@సున్నా_టీఏ ఆ పక్కాయన బిల్లులన్నీ చివరికి మా టేబుల్ మీదకే వస్తాయి. వరసగా మూడు ఊళ్ల లాడ్జీ బిల్లుల్లో ఒకటే చేతిరాత చూసి నవ్వుకుంటుంటాం.

కుర్చీ_రాజు
బెడ్‌రూమ్ టు హాల్ టీఏ క్లెయిమ్ చేయొచ్చా మేడమ్?

ఆడిట్_అమ్మాయి
దూరం ఎనిమిది కిలోమీటర్లు దాటితే చూద్దాం.

డిపో_పిల్ల
లాడ్జీ అంటే గుర్తొచ్చింది. ఆధార్ కార్డు ఇవ్వకముందే చెకౌట్ పన్నెండింటికా, ఇరవై నాలుగు గంటలా అని అడగండి. తెల్లవారి ఐదింటికి రైలు దిగి, పన్నెండు చెకౌట్ లాడ్జీలో దిగితే ఏడు గంటలకి రోజు అద్దె. ఇది నాకు చెప్పింది విజయవాడ స్టేషన్ బయట ఆటో ఆయన. ఆయనకి కమీషన్ వచ్చే లాడ్జీ పన్నెండింటి చెకౌట్‌దే, అయినా చెప్పాడు.

గడుగ్గాయి_గుంటూరు
ఆటో ఆయన ఛార్జీ ఎంత తీసుకున్నాడో కూడా చెప్పండి, తర్వాత మెచ్చుకుందాం.

డిపో_పిల్ల
మీటరు మీద ఇరవై. అంటే మీటరు లేదు, ఇరవై ఎక్కువ.

ఖమ్మం_కుర్రాడు
రేపు సత్తుపల్లి, ఎల్లుండి అశ్వారావుపేట. అక్కడ ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఉన్న లాడ్జీ తెలిసినవాళ్లు మెసేజ్ పెట్టండి. గీజర్ లేకపోయినా పర్లేదు, దోమతెర ఉంటే చాలు.